మిల్లింగ్ ఫ్రాలిక్‌లో చావు పాటలు ఎందుకు పాడతారు? (కేప్ బ్రెటన్ గేలిక్ పాటల గురించి)

బ్రాడోర్ ఒడ్డున:

అందరికీ నమస్కారం. మాది పిఠాపురం. కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రానికి చదువు కోసం వచ్చి, ఇప్పుడు కేప్ బ్రెటన్ దీవిలో సిడ్నీకి దగ్గర్లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను. ఒక సందేహం మనసులో తిరుగుతోంది. పాటల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

పోయిన వేసవిలో నాతో పనిచేసే ఆవిడ నన్ను మిల్లింగ్ ఫ్రాలిక్‌కి తీసుకెళ్లింది. పొడవాటి బల్ల, చుట్టూ పది పన్నెండు మంది, మధ్యలో తడిపిన ఉన్ని దుప్పటి. అందరూ కలిసి దాన్ని లయగా బల్లకేసి కొడుతూ, ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ గేలిక్ (స్కాట్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ల భాష) పాటలు పాడతారు. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లంతా పల్లవి పాడతారు. ఆ దెబ్బలకు హాలు దద్దరిల్లింది. నాకు తెలియకుండానే నా కాలు కూడా ఆడింది. పాట అయ్యాక పక్కన ఉన్న పెద్దావిడను అర్థం అడిగాను. సముద్రంలో మునిగిపోయిన తన మనిషి కోసం ఒక అమ్మాయి కట్టిన పాట అని చెప్పి, టీ తాగుతావా అని అడిగింది.

మా ఇంట్లో ఎవరైనా పోతే పదకొండు రోజులు టీవీ పెట్టరు. అందుకే మింగుడుపడలేదు. చనిపోయినవాళ్ల మీద పాటను అంత హుషారుగా ఎలా పాడతారు? అర్థం మర్చిపోయి పాడుతున్నారా?

ఇంకొకటి. మా ఆశ్రమంలో ఒక పెద్దావిడకు మతిమరుపు బాగా ముదిరింది, పిల్లల పేర్లు కూడా గుర్తులేవు. కానీ ఒక పాట మొదలుపెడితే చరణం వెనక చరణం తప్పు లేకుండా పాడుతుంది. అది జోలపాట అని వాళ్లమ్మాయి చెప్పింది. పాడిన ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటుంది. జోలపాటకు ఏడుపెందుకు?

హాలిఫాక్స్ అక్క:

అమ్మాయీ, ఎవరూ అర్థం మర్చిపోలేదు. నేను హాలిఫాక్స్‌లో ఉంటాను. ఇక్కడ గేలిక్ తరగతుల్లో చేరినప్పటి నుంచి ఈ పాటల వెంట తిరుగుతున్నాను. నాకు అర్థమైంది చెబుతాను. ఆ బల్ల లేకపోతే ఆ ఏడుపు పాటల్లో సగం మనదాకా వచ్చేవే కావు.

ముందు ఆ పని ఏమిటో చూడు. స్కాట్లండ్ పడమటి దీవుల్లో మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్ట వదులుగా, పలచగా ఉండేది. చలికీ వానకీ ఆగాలంటే దాన్ని దట్టం చేయాలి. నిల్వ పెట్టిన మూత్రంలో నానబెట్టి (అందులోని అమ్మోనియా కోసం) గంటల తరబడి బల్లకేసి బాదేవాళ్లు. అక్కడ అది పూర్తిగా ఆడవాళ్ల పని. అంతసేపు చేతులన్నీ ఒక్క లయలో పడాలంటే పాట ఉండాలి. ఒకే బట్ట మీద ఒక పాటను రెండోసారి పాడకూడదని నమ్మకం కూడా ఉండేది. దాంతో ఎన్ని పాటలు వస్తే అన్నీ బయటికి తీయాల్సి వచ్చేది: సరసాలు, వెక్కిరింతలు, వంశాల పొగడ్తలు, వాటితో పాటు చావు పాటలు. మగవాళ్లు లేరు, పాదిరి లేడు. గుండెలో ఉన్నది గుండెలో ఉన్నట్టు చెప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు ఆ ఆడవాళ్లకు ఎక్కడ దొరుకుతుంది?

నువ్వు విన్నది ఏ పాటో నేను చెప్పలేను, మునిగిపోయినవాళ్ల మీద పాటలు చాలా ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసినదాని కథ చెబుతాను. 1788లో స్కాల్పే దీవి పిల్ల అన్నా క్యాంబెల్‌కు స్టోర్నవే ఊరి ఓడ కెప్టెన్ అలన్ మోరిసన్‌తో పెళ్లి కుదిరింది. నిశ్చయం కోసం అతను ఓడలో బయల్దేరాడు. దారిలో తుఫాను వచ్చి ఓడ మునిగింది. ఆ పిల్ల కట్టిన పాటే ‘అలెన్ దూన్’. అందులో ఆమె దేవుణ్ణి శాంతి అడగదు. నాకు ఇసుకే పక్క కావాలి, నాచే దుప్పటి కావాలి అంటుంది. ఎవరేమనుకున్నా సరే, మునిగిన నీ ఒంట్లోని నెత్తురు తాగుతాను అంటుంది. కొన్ని నెలలకే దిగులుతో ఆమె కూడా పోయింది. ఆ పాటను దీవుల్లో ఆడవాళ్లు బట్ట బాదుతూ పాడారు.

ఇలాంటి పాటల నడక గమనించు. ఒక్క పాదం ఒకరు పాడతారు, వెంటనే అందరూ పల్లవి. ఆ పల్లవిలో మాటలకు పెద్దగా అర్థం ఉండదు, ‘హీ రీ, హో రో’ లాంటి అక్షరాలే. ఒక పాదంలో ఆమె భయంకరమైన మాట ఒకటి అంటుంది, ఆ మాటను మొయ్యడానికి పదిమంది గొంతులు వెంటనే కలుస్తాయి. తర్వాత మళ్లీ ఆమె. ఒంటరిగా పాడితే నాలుగు పాదాలకే గొంతు పూడుకుపోయే పాటను ఇలాగైతే నలభై పాదాలూ పాడొచ్చు. హుషారుగా నీకు వినిపించింది ఆ పదిమంది బలం.

1773లో హెక్టర్ అనే ఓడ స్కాట్లండ్ కొండసీమ హైలండ్స్ జనాన్ని ఇక్కడి పిక్టో రేవుకు తెచ్చింది. తర్వాత డెబ్భై ఎనభై ఏళ్ల పాటు వేలమంది వస్తూనే ఉన్నారు. బారా, సౌత్ యూయిస్ట్, లూయిస్, స్కై వంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామంది కేప్ బ్రెటన్‌లో దిగారు. ఇక్కడ ఈ పని కొంచెం మారింది. బల్ల దగ్గరికి మగవాళ్లు కూడా వచ్చారు, తర్వాత తర్వాత చరణాలు అందుకునేది ఎక్కువగా వాళ్లే అయ్యారు. బట్టలు మిల్లుల నుంచి వస్తున్నాయి, బాదాల్సిన అవసరం పోయింది. పాటల కోసమే దుప్పటి తడుపుతున్నారు.

ఇక జోలపాట. మీ పెద్దావిడ పాడేది వినకుండా గట్టిగా చెప్పను కానీ, ఆ మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ‘గ్రిగల్ క్రీ’. గ్లెన్‌స్ట్రే వంశ నాయకుడు గ్రెగర్ మెక్‌గ్రెగర్. అతని భార్య మారియన్ క్యాంబెల్ వంశపు పిల్ల. ఆ రెండు వంశాల పగలో 1570 ఏప్రిల్ 7న గ్రెగర్ తల నరికించింది ఆమె పుట్టింటివాళ్లే. ఆమె ఒళ్లో అప్పటికి పసిబిడ్డ. ఆ బిడ్డకు పాడే పాటలోనే భర్త తలను కొయ్య మొద్దు మీద పెట్టిన సంగతి, తన వాళ్లను తాను తిట్టుకున్న తిట్లు, మిగతా ఆడవాళ్లు హాయిగా నిద్రపోతుంటే తాను పక్క అంచున కూర్చుని రొమ్ము బాదుకోవడం, అన్నీ ఉన్నాయి. నాలుగున్నర శతాబ్దాలుగా గేలిక్ తల్లులు ఆ పాటతోనే పిల్లల్ని నిద్రపుచ్చుతున్నారు. వీలైతే వాళ్లమ్మాయిని అడిగి రికార్డు చేయమను. నిజంగా చెబుతున్నాను, ఆలస్యం చేయొద్దు.

ఓరుగల్లు సారు:

చాలా మంచి చర్చ. నేను బడి పంతులుగా చేసి రిటైరయిన. మా జిల్లా ఊళ్లల్ల ఆడవాళ్ల పాటలు రాసుకునుడు నాకు అలవాటు. మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తరు. అందులో పోయినాయన గుణగణాలు ఉంటయి, బాకీలు ఉంటయి, సరిగ్గ చూసుకోని చుట్టాలను నిలదీసుడు కూడా ఉంటది. ఆ ఏడుపు విని నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంల నేర్చుకోలే.

అమ్మా, రెండు ప్రశ్నలు. గేలిక్ వాళ్లల్ల ఇట్ల నిలదీసుడు ఉన్నదా? ఇంకొకటి, శవం దగ్గర ఏడ్చే ఆడవాళ్లు వేరేగ ఉండేవాళ్లా?

హాలిఫాక్స్ అక్క:

సార్, రెండూ ఉన్నాయి. శవం దగ్గర ఏడ్చి పాడటానికి పేరున్న ఆడవాళ్లను పిలిచి, కూలి ఇచ్చే పద్ధతి హైలండ్స్‌లో ఉండేది. చర్చికి అది నచ్చలేదు. 17, 18 శతాబ్దాల్లో చర్చి పెద్దలు దాని మీద పడ్డారు, అది మెల్లగా కనుమరుగైంది. పాటలు మాత్రం పోలేదు, పొయ్యి దగ్గరికీ ఉయ్యాల దగ్గరికీ బట్ట బాదే బల్ల దగ్గరికీ చేరాయి.

నిలదీయడం అంటారా! 1746లో కలోడెన్ యుద్ధంలో చిజమ్ వంశపు జెండా మోసిన విలియం చిజమ్ చనిపోయాడు. అతని భార్య క్రిస్టీనా ఫెర్గసన్ కట్టిన పాట ‘మో రూన్ గ్యల్ ఓగ్’. పాట మొదట్లోనే ఆమె, బ్రిటన్ సింహాసనం కోసం ఆ పోరాటం నడిపిన యువరాజు చార్లెస్‌ను పేరు పెట్టి పిలుస్తుంది. నీ పోరాటమే నన్ను కాల్చింది, నీ కోసం జరిగిన యుద్ధంలో నాకున్నదంతా నువ్వే లాక్కున్నావు అంటుంది. ఆ రాకుమారుడి మీద వందల పాటలున్నాయి, చాలావాటిలో అతను అందగాడు, వీరుడు. పోగొట్టుకున్న మనిషి పాట వేరుగా ఉంటుంది. అన్ని పాటల్లోకీ నాకు ఇదే ఇష్టం.

గొప్పింటివాళ్ల మీద కట్టిన శోకగీతాల పద్ధతి మళ్లీ వేరు. 1720ల్లో గ్లెన్‌గ్యారీ నాయకుడు పోయినప్పుడు సీలిస్ నా కెపిచ్ అనే కవయిత్రి అతణ్ణి వరసగా చెట్లతో పోలుస్తుంది. నువ్వు అడవికే మిన్నయిన యూ చెట్టువి, ఓక్ చెట్టువి, హాలీవి అంటుంది. నీచమైనవిగా ఎంచే ఆస్పెన్, ఆల్డర్ చెట్లతో నీకు చుట్టరికమే లేదంటుంది. మంచి చెట్టు అంటే మంచి వంశం. వినేవాళ్లకు ఆ లెక్కంతా తెలుసు.

ఈ చెట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, వలస వచ్చాక దానికి ఏమైందో చెబుతాను. స్కాట్లండ్‌లోని టైరీ దీవిలో 1787లో పుట్టిన జాన్ మెక్లీన్ కాల్ దీవి ప్రభువుకు ఆస్థాన కవి. ప్రభువుల మీద పొగడ్తలూ శోకగీతాలూ కట్టడం ఆయన వృత్తి. 1819లో కుటుంబంతో నోవా స్కోషియాకు వచ్చి పిక్టో జిల్లాలో బార్నీస్ రివర్ దగ్గర అడవిలో భూమి తీసుకున్నాడు. టైరీలో చెట్లు దాదాపు లేవు, గాలికి నిలవవు. అలాంటి చోటి నుంచి వచ్చినవాడు ఆకాశం కనపడని అడవిలో పడ్డాడు. అప్పుడు కట్టిన పాట ‘దిగులు అడవి’. మంచు, చలి, దోమలు, నరికే కొద్దీ తరగని మొద్దులు, మాయమాటలు చెప్పి ఓడెక్కించిన ఏజెంట్ల మీద మంట, అన్నీ అందులో ఉన్నాయి. పూర్వకవులకు గౌరవమైన చెట్టు ఈయనకు శత్రువైంది. ఆ పాటలో చనిపోయిన మనిషి ఎవరూ లేరు. అయినా చదివిన ప్రతిసారీ నాకు అది శోకగీతమే. ఆయన పోగొట్టుకున్నది తన మాట వినే సభను. ఆ పాట టైరీకి చేరాక, ఖర్చులిస్తాం తిరిగి రమ్మని స్నేహితులు కబురు పెట్టారని చెబుతారు. ఆయన వెళ్లలేదు. 1848లో ఇక్కడే పోయాడు.

అందరూ ఇలా ఏడ్వలేదు, అది కూడా చెప్పాలి. హైలండ్స్‌లోని లొహాబర్ నుంచి కేప్ బ్రెటన్‌లోని మబూ వైపు వచ్చిన జాన్ మెక్‌డోనల్డ్ అనే వేటగాడు, ‘ఇయన్ షెలగర్’ అంటారు, అమెరికా చలిని తిట్టి, వదిలొచ్చిన కొండల్ని తలుచుకుంటూ పాట కట్టాడు. అంతకు ముందే, 1816లో, వచ్చిన బంధువు ‘అలన్ ద రిడ్జ్’ దానికి పాటతోనే జవాబిచ్చాడు: నువ్వు పొగుడుతున్న ఆ దేశంలో భూస్వాములు మనల్ని వెళ్లగొట్టారు, ఇక్కడ నీ భూమి నీది, కడుపు నిండా తిండి ఉంది, ఏమిటీ ఏడుపు? ఇద్దరి పాటలూ జనం దాచుకున్నారు. నాకు అలన్ మాట న్యాయమనిపిస్తుంది, కానీ పాడుకోబుద్ధయ్యేది వేటగాడి పాటే.

కర్నూలు కుర్రాడు:

అక్కా, స్టోర్నవే అన్నారు కదా. మన కైఫీయతులు సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ ఊరు కూడా అదే కదా? మా ఊరి కైఫీయతు చదువుతున్నప్పుడు చూశాను.

హాలిఫాక్స్ అక్క:

అవును తమ్ముడూ, లూయిస్ దీవిలోని స్టోర్నవే. ఆయన 1783లోనే మద్రాసు చేరాడు, అలన్ మోరిసన్ మునిగిపోయేనాటికి మన దేశంలోనే ఉన్నాడు. కావలి సోదరుల సాయంతో ఊరూరా కరణాల దగ్గరున్న కథలూ వంశావళులూ రాయించిన మనిషి, ఊరి పెద్దల వంశాలను పాటల్లో దాచుకునే దీవి నుంచి వచ్చాడు. అంతకంటే ముడి వేయను, కానీ నాకు ఆ సంగతి ఇష్టం.

బ్రాడోర్ ఒడ్డున:

అక్కా, మీ జవాబు రెండుసార్లు చదివాను. వాళ్లమ్మాయికి చెప్పాను, ఫోన్‌లో రికార్డు చేస్తానంది. మొదటి పాదం తనకు తెలిసినట్టు పలికింది. మీరు చెప్పిన గ్రెగర్ పేరు అందులో ఉంది!

ఇంకో మాట అడగాలి. ఇవన్నీ పాత దేశంలో పుట్టిన పాటలు కదా. ఇక్కడికి వచ్చాక ఇక్కడ పోయినవాళ్ల మీద కూడా కట్టారా? మా ఆశ్రమంలో చాలామంది నాన్నలు, తాతలు గ్లేస్ బే, న్యూ వాటర్‌ఫర్డ్ బొగ్గు గనుల్లో పని చేసినవాళ్లు. అలాంటివాళ్ల మీద పాటలున్నాయా అని.

హాలిఫాక్స్ అక్క:

గ్రెగర్ పేరు ఉందా! అయితే అదే. ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉందమ్మా.

ఇక్కడ కట్టినవి బోలెడు. ప్రతి ఊళ్లో పాట కట్టేవాళ్లు ఒకరిద్దరు ఉండేవాళ్లు. చేపలకు వెళ్లి తిరిగి రానివాళ్లు, మానులు కొడుతుంటే మీద పడి పోయినవాళ్లు, గనిలో పోయినవాళ్లు, పని వెతుక్కుంటూ బోస్టన్ వెళ్లి అక్కడే కన్ను మూసినవాళ్లు... ప్రభువుల మీద వాడిన పద్ధతినే రైతు మీద, జాలరి మీద వాడారు. ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు అని వంశం చెప్పడం, ఇంటికి వచ్చినవాళ్లకు పెట్టిన చెయ్యి అని పొగడటం, శవం వెంట నడిచిన జనం, మిగిలిన తల్లి. నాకు వలస పాటల్లో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. పాత దేశంలో గడీ ప్రభువుకు మాత్రమే దక్కిన గౌరవం ఇక్కడ చెక్క ఇంట్లో పోయిన కుర్రాడికి దక్కింది.

ఇలాంటి పాటలు అచ్చయ్యేవి కూడా. మీ సిడ్నీలోనే 1892 నుంచి 1904 దాకా ‘మాక్ టల్లా’ అని పూర్తిగా గేలిక్‌లో పత్రిక నడిచింది, సంపాదకుడు జొనాథన్ మెకినన్. ఊళ్లవాళ్లు తమవాళ్ల మీద కట్టిన పాటల్ని దానికి పంపేవాళ్లు. ‘దిగులు అడవి’ కవి మనవడు, పాదిరి అలెగ్జాండర్ మెక్లీన్ సింక్లెయిర్, తాత సముద్రం దాటించి తెచ్చిన రాతప్రతులను కాపాడి 1881 నుంచి పుస్తకాలుగా వేశాడు.

1937లో స్కాట్లండ్ దీవుల్లో పాటలు సేకరించే జాన్ లోర్న్ క్యాంబెల్, ఆయన భార్య మార్గరెట్ ఫే షా ఇక్కడికి వచ్చి కేప్ బ్రెటన్‌లో, యాంటిగనిష్ జిల్లాలో పాటలు రికార్డు చేశారు. దీవుల్లో తాము విన్న పాటలు సముద్రం ఇవతల ఎన్ని మిగిలాయో చూడాలని వాళ్ల పట్టుదల. వందేళ్ల కిందట వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు వాటిని పాడి వినిపించారు. 1977 నుంచి 1982 దాకా జాన్ షా అనే పరిశోధకుడు ఇల్లిల్లూ తిరిగి చేసిన రికార్డింగులు యాంటిగనిష్‌లోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ యూనివర్సిటీ వాళ్లు ‘గేల్ స్ట్రీమ్’ అనే సైట్‌లో పెట్టారు. ఉచితంగా వినొచ్చు. మీ ఆశ్రమంలో ఉన్నవాళ్లకు వినిపించు. ఎవరి బాబాయి గొంతో, ఎవరి పొరుగాయన గొంతో అందులో ఉండే అవకాశం బాగా ఉంది. ఒకటే జాగ్రత్త, ముందు ఇంట్లోవాళ్లను అడుగు. పోయినవాళ్ల గొంతు హఠాత్తుగా వింటే కొందరు తట్టుకోలేరు.

ఓరుగల్లు సారు:

అమ్మాయీ, ఆ పెద్దమ్మ పాట రికార్డు చేసేటప్పుడు పాట ఒక్కటే కాదు, ముందూ వెనకా ఆమె ఏం మాట్లాడినా ఆపకుండ తీయమని చెప్పు. ఎవరి దగ్గర నేర్చుకున్నదో ఆ మాటల్లనే బయటపడుతది. నేను మొదట్ల పాట వరకే తీసేది, ఇప్పుడు మొత్తం తీస్త.

బ్రాడోర్ ఒడ్డున:

తప్పకుండా చెబుతాను సార్. అక్కా, చివరిగా ఒకటి. వచ్చే వేసవిలో బల్ల దగ్గర కూర్చోమని పిలుస్తున్నారు. భాష రాదు, వాళ్ల బంధువునీ కాను. పైగా చావు పాట అని తెలిశాక ఇంకా టెన్షన్‌గా ఉంది. కూర్చోవచ్చా?

హాలిఫాక్స్ అక్క:

కూర్చో. పిలిచారంటే నిజంగానే పిలిచారు, మొహమాటానికి పిలిచే జనం కాదు. చరణాలు నీ పని కాదు, పల్లవి చాలు. రెండుసార్లు వినేసరికి నోటికి వచ్చేస్తుంది. వరస తెలియకపోతే ఎదురుగా ఉన్నవాళ్ల చేతులు చూడు, నోరు కాదు. పాట ముందు దాని కథ అడుగు, అడిగితే వాళ్లకు ఇష్టం. ఇంకో సంగతి, ఉంగరాలు, గాజులు తీసేసి వెళ్లు. తడి ఉన్ని నువ్వనుకున్నదానికంటే బరువు, మర్నాడు భుజాలు పట్టేస్తాయి. డ్యూటీ లేని రోజు చూసుకో.